ఉన్నత పాఠశాలలో మన చోటు

జూన్ మాసమున పాఠశాల తెరచిన తొలి దినము మధ్యాహ్న విరామవేళ మా ఆవరణమును ఒకమారు చుట్టివచ్చినవారికి, క్రొత్తగా చేరిన విద్యార్థులెవరో వేరుగా చెప్పనక్కరలేదు. పాతవారు గుంపులుగూడి చెట్లక్రింద కూర్చుండి అన్నము తినుచుందురు. తినుట ముగియగనే ఆటస్థలమునకు పరుగెత్తుదురు. క్రొత్తవారు గోడవార నిలిచి, పుస్తకముల సంచిని భుజమునుండి దింపక, గంట యెప్పుడు మ్రోగునా యని చూచుచుందురు. హోసూరు చుట్టుపట్ల బాగలూరు, బేరికె, సూళగిరి వైపు పల్లెలనుండి బస్సులో వచ్చు ఈ పిల్లలకు మొదటి నెలలో పాఠములకంటె ఆ విరామమే కష్టముగా తోచును. ఈ వ్యాసమును వారికొరకును, వారిని పంపిన తల్లిదండ్రులకొరకును వ్రాయుచున్నాము.

పల్లెలోని ప్రాథమిక పాఠశాల ఒక పెద్ద కుటుంబము వంటిది. ఉపాధ్యాయులు ఇద్దరు ముగ్గురే. వారికి ప్రతి బిడ్డయొక్క ఇంటిపేరును, తండ్రి చేయు పనియు తెలియును. ఉన్నత పాఠశాల అట్టిది కాదు. ఇచ్చట ముప్పాతిక గంటకొకసారి గంట మ్రోగును. గణితమునకొకరు, విజ్ఞానశాస్త్రమునకొకరు, చరిత్రకొకరు చొప్పున ఉపాధ్యాయులు మారుచుందురు. వందలకొలది పిల్లలలో ఒకరి పేరు ఇంకొకరికి తెలియదు. ఈ మార్పు ఏ భాషవారి పిల్లలకైనను తప్పదు. మన పిల్లలకు దీనికితోడు మరియొక కష్టము కలదు. తరగతిగదిలో తెలుగు, ఆటస్థలములో తమిళము, సంతవీధిలో ఈ రెండింటితోపాటు కన్నడము. తమిళములో నోరు తెరచినచో ఉచ్చారణ విని తోటివారు నవ్వుదురేమో యని జంకు. తెలుగులో నోరు తెరచినచో, ఇది పుస్తకములోని తెలుగు కాదని ఉపాధ్యాయుడు దిద్దునేమో యని జంకు. రెండు వైపులను జంకు గల బిడ్డ మూడవ మార్గము నెన్నుకొనును. అది మౌనము.

ఈ మౌనము ఎంతవరకు పోగలదో మేము ఒకసారి చూచితిమి. కొన్ని యేండ్ల క్రిందట ఒక బాలుడు ఆరవ తరగతిలో చేరెను. అల్లరి చేయడు, ప్రశ్న వేయడు, అడిగినదానికి ఒక్క మాటతో బదులు చెప్పును. నెమ్మదియైన బాలుడని తలచి ఊరకుంటిమి. దసరా సెలవుల పిమ్మట అతడు రాలేదు. జ్వరమనుకొంటిమి, పిదప పొలము పనులనుకొంటిమి. తుదకు మాలో ఇద్దరము వారి యింటికి పోయి అడుగగా, అతని తల్లి ఒక్క మాట చెప్పినది: "వాడికి చదువు రాక కాదయ్యా. అక్కడ వాడితో మాట్లాడేవాళ్లు లేరు." ఆ సాయంకాలమే మాకు మరియొక సంగతి తెలిసినది. ఆ పల్లెలో భజనకు మద్దెల వాయించువాడు ఆ పిల్లవాడే. పెద్దలు సయితము అతని తాళమునకు పాడుదురట. నాలుగు మాసములు మా యొద్ద నున్న బాలుని చేతిలో అట్టి విద్య యున్నదని మాకు తెలియదు. ఏలన, మేమెన్నడును అడుగలేదు. మేమడిగినవి మార్కులు మాత్రమే. అతడు మరల బడికి రాలేదు. దోషము అతనిది కాదు, మాది.

నాటినుండి మేము ఒక విషయమును గట్టిగా నమ్ముచున్నాము. హాజరుపట్టీలో పేరు చేరినంతమాత్రమున బిడ్డకు బడి తనది కాదు. తాను లేనిచో ఆగిపోవు పని యొకటి అతని చేతిలో నున్నప్పుడే 'ఇది నా బడి' యను భావము కలుగును. తరగతిలో మనము సాధారణముగా విద్యార్థియందు లేనిదానిని చూతుము: వర్ణక్రమములో తప్పు, లెక్కలో తప్పు. ఆటజట్టులో, మేళములో, నాటకములో అతడు నింపు స్థానమును చూతుము. పాఠ్యేతర కార్యక్రమములకు గల ముఖ్యమైన విలువ ఇదియే. అవి పొద్దుపుచ్చుటకు గాని, వార్షికోత్సవమున అతిథులకు చూపుటకు గాని ఏర్పడినవి కావు.

ఖో-ఖో ఆటను చూడుడు. తరుము జట్టులో తొమ్మండుగురు ఆటస్థలములో నుందురు. ఎనిమండుగురు ఒకే వరుసలో, ఒకరు ఇటు ఒకరు అటు ముఖము పెట్టి కూర్చుందురు, తొమ్మిదవవాడు తరుమును. తరుమువాడు వరుస నడుమనుండి ఆవలి వైపునకు దాటరాదు. పట్టిన దిక్కు విడిచి వెనుదిరుగరాదు. కావున ప్రత్యర్థి అవతలికి తప్పుకొనగానే, కూర్చున్నవానిని వెనుకనుండి తట్టి 'ఖో' యనవలెను. అతడు లేచి తరుమును. తట్టినవాడు ఆ చోట కూర్చుండును. ఈ యాటలో పలుకవలసిన మాట ఒక్కటే. అందును ఒక్క అక్షరమే. తమిళము రాదని గాని, తెలుగు సరిగా రాదని గాని ఇందులో ఎవ్వరును వెనుకబడరు. క్రొత్త బడిలో నోరు పెగలని బిడ్డకు ఇంతకంటె తగిన తొలిమెట్టు మాకు కనబడలేదు. వారము దినములలో జట్టులోనివారి పేర్లన్నియు అతనికి వచ్చును. అతని పేరు వారందరికిని వచ్చును.

కబడ్డీ దీనికి పై మెట్టు. మన పల్లెలలో పెద్దలు దీనిని చెడుగుడు అందురు. తమిళులు సడుగుడు అందురు. పేరులోనే చుట్టరికము కనబడుచున్నది. ఇరువైపుల ఏడుగురేసి ఆడుదురు. కూతకు పోవువాడు ముప్పది సెకండ్లలోపల, ఊపిరి విడువక కూత పెట్టుచు, ఎదుటివారిని తాకి తిరిగి రావలెను. పట్టువారు ఒకరి చేయి ఒకరు పట్టుకొని గొలుసుగా నిలుతురు. ప్రక్కవాని చేయి విడిచినచో పట్టు తప్పును. కావున ఎవరెటు కదలవలెనో ముందుగా మాటలాడుకొనక తీరదు. ఇచ్చటనే మన పిల్లలు ఎన్నో తమిళ పదములను తమకు తెలియకయే నేర్చుకొందురు. వ్యాకరణపు తప్పులను లెక్కించుటకు అచ్చట ఎవ్వరికిని తీరిక యుండదు. తమిళ బాలురును మన మాటలు కొన్ని నేర్చుకొందురు.

పై తరగతులకు వచ్చినవారికి 1948లో ఏర్పడిన ఎన్.సి.సి. కలదు. ఈ దళమున్న పాఠశాలలలో సాధారణముగా 8, 9 తరగతుల పిల్లలు రెండేండ్లు శిక్షణ పొంది 'ఎ' సర్టిఫికెట్టు పరీక్షకు కూర్చుందురు. కవాతులో 'సావధాన్', 'విశ్రామ్' మొదలగు ఆజ్ఞలు హిందీలో నుండును. తెలుగు బాలుడును తమిళ బాలుడును ఆ మాటలను ఒకే దినమున క్రొత్తగా నేర్చుకొనవలెను. ఒకే దినమున తప్పులు చేయవలెను. కలిసి తప్పు చేసి కలిసి దిద్దుకొన్నవారి నడుమ బిడియము నిలువదు. స్కౌటు ఉద్యమమున నున్న మర్మమును ఇట్టిదే. ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపమున 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ నడపిన తొలి శిబిరములో, ధనికులు చదువు పాఠశాలల బాలురను, కార్మిక కుటుంబముల బాలురను కలిపి నాలుగు దళములుగా చేసెను. వారు గుడారములు వేసిరి, వంట చేసికొనిరి, అడవిగుర్తులు నేర్చిరి. మన దేశమున భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ 1950 నవంబరు 7వ తేదీన ఏర్పడినది. ఆరుగురు మొదలు ఎనిమండుగురు గల చిన్న దళమే ఇందు పునాది. అట్టి చిన్న దళములో ఎవ్వరును మరుగుపడిపోరు.

ఈ యభిప్రాయము మాకు మాత్రమే తోచినది కాదు. స్వతంత్ర భారతమున ఉన్నత పాఠశాలల విద్యను పరిశీలించుటకు 1952లో కేంద్రప్రభుత్వము నియమించిన మాధ్యమిక విద్యా సంఘము, పాఠ్యేతర కార్యక్రమములు విద్యలో విడదీయరాని భాగముగా నుండవలెననియు, ఉపాధ్యాయులందరును వానికి కొంత కాలము కేటాయింపవలెననియు సిఫారసు చేసెను. ఆ సంఘమునకు అధ్యక్షులు నాటి మద్రాసు విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలరు డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారు. వీరిది తమిళ కుటుంబము. కాని వీరు పుట్టినది 1887లో కర్నూలులో, బాల్యమున చదివినదియు ఆ తెలుగు పట్టణముననే. తమిళనాట చదువు మన బిడ్డల స్థితిని అద్దములో త్రిప్పి చూచినట్లున్నది గదా! 2020 నాటి జాతీయ విద్యావిధానమును పాఠ్యమునకును పాఠ్యేతరమునకును నడుమ గట్టి గోడ వలదనియే చెప్పుచున్నది.

ఇంతవరకు చెప్పినది సగము మాత్రమే. ఆటస్థలమున చోటు దొరకినంతమాత్రమున మన బిడ్డలకు నిలుకడ కలుగదు. తమిళ మిత్రులతో కలియుటకు తెలుగును ఇంటనే విడిచి రావలెనని తలచు పిల్లలు కలరు. దీనికి సరిగా వ్యతిరేకముగా, తెలుగు పిల్లలతో తప్ప ఇతరులతో మాటలాడనివారును కలరు. మొదటివారు కొంతకాలమునకు తమ యింటి పెద్దలతో మనసువిప్పి మాటలాడలేరు. రెండవవారు తామున్న ఊరిలోనే పరదేశులగుదురు. రెండును నష్టమే. కావున మేము ప్రతి విద్యార్థికిని చెప్పు నియమమొకటి కలదు: అందరితో కలిసి చేయునది ఒకటి, మన భాషలో చేయునది ఒకటి. రెండు కాళ్లమీద నిలిచినవాడు తూలడు.

మన భాషలో చేయు పనికి ఆధారము మన నేలయే. మనము ఇచ్చటికి నిన్న వచ్చినవారము కాము. హోసూరు ప్రాంతము 1965 వరకు సేలము జిల్లాలో నుండెను; ఆ యేట ఏర్పడిన ధర్మపురి జిల్లాలో చేరెను; 2004లో ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలో మరల చేరెను. మీ తాతగారు ఉత్తరముల చిరునామాలో సేలము జిల్లా అని వ్రాసిరి. మీ నాయనగారు ధర్మపురి జిల్లా అని వ్రాసిరి. మీరు కృష్ణగిరి జిల్లా అని వ్రాయుచున్నారు. ఊరు మాత్రము కదలలేదు. ఇంటిలోని మాటయు మారలేదు.

ఆ ఇంటి మాటను గూర్చి సిగ్గుపడువారు గిడుగు వేంకట రామమూర్తిగారిని తలచుకొనవలెను. వీరు 1863 ఆగస్టు 29వ తేదీన జన్మించిరి. నేడు ఒడిశాలో నున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేయుచు, ఆ ప్రాంతపు కొండలలో నివసించు సవరల భాషను శ్రద్ధతో నేర్చి, ఆ భాషకు వాచకములను, వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. అది కొండవారి భాష యని వారు చిన్నచూపు చూడలేదు. జనుల నోట నున్న తెలుగు పుస్తకములలోనికి రావలెనని చిరకాలము వాదించినవారును వీరే. మేము ఈ వ్యాసమును పాత పద్ధతి భాషలో వ్రాయుచున్నను, వారి జీవితమునుండి గ్రహించిన పాఠమును మరువలేదు. తల్లి యింట పలుకు తెలుగు తప్పు కాదు. మూడు భాషల నడుమ నివసించువారి మాటలో మూడింటి పదములును కలియుట సహజము. పుస్తకములోని తెలుగును దానికి తోడుగా నేర్చుకొనవలెనేగాని, దానిని తుడిచివేయుటకు కాదు.

తెలుగు సాహితీ సమితి యనగా పద్యములు వల్లించుట మాత్రమే యని పలువురు తలచెదరు. మా సమితి పిల్లలు గోడపత్రిక కొరకు చేసిన పని యొకటి చెప్పెదము. వారు ఒక పెద్ద కాగితముమీద మూడు నిలువుగళ్లు గీసి, ఇంటను, బస్సులోను, సంతలోను వినిన మాటలను వ్రాసిరి. తెలుగున పాలు, తమిళమున పాల్, కన్నడమున హాలు. తెలుగున పులి, తమిళమున పులి, కన్నడమున హులి. పూవు, పూ, హూవు. పల్లు, పల్, హల్లు. పట్టిక కొంత నిండిన పిమ్మట ఏడవ తరగతి బాలిక యొకతె, తెలుగు తమిళములలో పకారమున్న ఈ మాటలన్నింటను కన్నడములో హకారము వచ్చుచున్నదని తనంతట తాను గుర్తించినది. భాషాశాస్త్రవేత్తలు చెప్పు నియమమును ఇదియే; పూర్వపు కన్నడములో పకారముగా నుండినది కాలక్రమమున హకారమైనది. పట్టిక నింపుటకు తమిళ, కన్నడ బాలికల సహాయము కావలసివచ్చెను. అందుచేత తెలుగు సమితి సమావేశమునకు వారును వచ్చి కూర్చుండిరి. మన సంత తమిళమున సందై, కన్నడమున సంతె యని విని అందరును నవ్విరి. అంతకుముందు మన పిల్లలు భయపడిన నవ్వు వేరు, ఈ నవ్వు వేరు.

సంగీతమున ఈ కలయిక మనకు ఎప్పుడో సిద్ధముగా నున్నది. త్యాగరాజస్వామివారు (1767–1847) కావేరీతీరమున తిరువైయాఱులో నివసించి, అధికముగా తెలుగులోనే కీర్తనలు రచించిరి. ప్రతి యేట పుష్య బహుళ పంచమినాడు ఆ యూరిలో జరుగు ఆరాధనోత్సవమున పంచరత్న కీర్తనలను గాయకులందరును ఒక్క గొంతుగా పాడుదురు. ఆ యైదింటిలో ఒకటి సంస్కృతము, నాలుగు తెలుగు. పాడువారిలో తమిళము మాతృభాషగా గలవారు అనేకులు. తంజావూరు సమీపమున మెలట్టూరు గ్రామములో మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారు రచించిన తెలుగు నాటకములను తమిళ కుటుంబములవారు నేటికిని భాగవతమేళముగా ప్రదర్శించుచున్నారు. కావున మన బిడ్డ పాఠశాల ప్రార్థనా సమావేశమున తెలుగు కీర్తన పాడినచో పరాయి పాట పాడినట్లు కాదు. ప్రక్కన నిలిచి శ్రుతి కలుపు తమిళ బాలిక ఇంటను ఆ కీర్తన వినబడుచుండవచ్చును. పదముల యర్థము చెప్పుమని ఆమె అడిగిన దినమున, తెలుగు తెలిసియుండుట లోటు కాదు, సొత్తు అని మన బిడ్డకు తెలియును.

మా పొరపాటు మరియొకటి ఇచ్చట ఒప్పుకొనవలెను. క్రీడోత్సవమున చాలకాలము తెలుగు తరగతులకొక జట్టు, తమిళ తరగతులకొక జట్టు ఏర్పరచుచుంటిమి. మాకది సులభము; పిల్లల పట్టికలు తరగతులవారీగా సిద్ధముగా నుండును. ఫలితము మాత్రము చెడ్డది. ఓడినప్పుడెల్ల తెలుగువారు ఓడిరను మాట పుట్టెను. గెలిచినప్పుడెల్ల పోట్లాట పుట్టెను. పిదప బడిలోని పిల్లలనందరిని కలిపి ఎరుపు, పచ్చ, నీలము, పసుపు అను నాలుగు దళములుగా పంచితిమి. ప్రతి దళములోను రెండు మాధ్యమముల పిల్లలును ఉన్నారు. ఇప్పుడు ఎరుపు ఓడును, పచ్చ గెలుచును; ఏ భాషయు ఓడదు. కార్యక్రమము లుండుట ఒక్కటే చాలదు. వానిని ఎట్లు నడుపుదుమో దానినిబట్టియే అవి పిల్లలను కలుపును, లేదా విడదీయును.

ఇక క్రొత్త విద్యార్థులకు కొన్ని సూచనలు. మొదటి వారము ఊరక చూడుడు: సాయంకాలము ఎవరేమి చేయుచున్నారు, ఏ ఉపాధ్యాయుడు ఏ పనిని నడుపుచున్నారు, మీ యూరి బస్సు ఎన్ని గంటలకు కలదు. రెండవ వారము ఒకదానిలో చేరుడు. అందరును చేరుచున్నారని నాలుగింటిలో పేరు వ్రాయింపవలదు; దేనిలోను మీరు నిలువరు. చేరినదానిని ఒక నెల విడువవలదు. మొదటి పది దినములు ఎవ్వరికైనను బెరుకుగానే యుండును. ఆ పది దినములను చూచి, ఇది నాకు సరిపడదని నిర్ణయించుకొనుట తొందరపాటు.

ఆటలలో చురుకుదనము లేదని, పాట రాదని కొందరు వెనుదీయుదురు. ప్రతి కార్యక్రమమునకును ముందు నిలుచువారితోపాటు వెనుక నిలుచువారును కావలెను. ఆటలో పాయింట్లు వ్రాయుటకు ఒకరు కావలెను. నాటకమునకు తెర లాగువారు, మాట మరచినవారికి చాటునుండి అందించువారు కావలెను. గ్రంథాలయమున పుస్తకములను వరుసలో పెట్టువారు, తోటలో మొక్కలకు నీరు పోయువారు, గోడపత్రికకు చేతివ్రాతతో ప్రతి తీయువారు కావలెను. పాయింట్లు వ్రాయువాడు రానినాడు ఆట ఆగును. ఇంతకుముందు మేము చెప్పినది ఇదియే: మీరు లేనిచో ఆగిపోవు పని యొకటి మీకుండవలెను, అది పెద్దదా చిన్నదా యను ప్రశ్న లేదు.

మీ పాఠశాలలో తెలుగు సమితి లేనిచో దిగులుపడవలదు. ఐదుగురు పిల్లలు, ఒక ఉపాధ్యాయుడు, ఒక పెద్ద కాగితము చాలును. పక్షమునకొకసారి గోడపత్రిక వ్రాయుడు. మీ యూరి దేవరకథ, అవ్వ చెప్పిన సామెత, పొలములో కనిపించిన పిట్ట, మొన్న ఆడిన ఆట—ఏదియైనను వ్రాయవచ్చును. గిడుగువారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. జూన్‌లో మొదలిడినవారికి ఆనాటివరకు పండ్రెండు వారములు గలవు. ఒక చిన్న నాటికను సిద్ధము చేయుటకు ఆ కాలము చాలును.

తల్లిదండ్రులారా, మీకును రెండు మాటలు విన్నవించుచున్నాము. "ఆటలకంటూ సాయంత్రం దాకా ఉంచుకుంటే మార్కులు ఎవరు తెస్తారు?" అని మీరు అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే. మేము కోరునది వారమునకు రెండు మూడు సాయంకాలములు, దినమునకు ఒక గంట మాత్రమే. పదవ తరగతిలో దానిని తగ్గింపవచ్చును. కాని ఆరవ తరగతినుండియే మాన్పించినచో, బడియన్న ఇష్టము లేని బిడ్డ ఇంట పుస్తకము ముందు కూర్చున్నను మనసు నిలువదు. ఆడపిల్లలను గంట మ్రోగగనే ఇంటికి రమ్మను తల్లుల భయమును మేమెరుగుదుము. మీ యూరి పిల్లలు నలుగురైదుగురు ఒకే దినమున ఉండునట్లును, కలిసి ఒకే బస్సులో తిరిగి వచ్చునట్లును ఏర్పాటు చేయుమని ఉపాధ్యాయులను అడుగుడు. అడిగినచో ఇది అసాధ్యము కాదు. మగపిల్లవానికి ఇచ్చిన సాయంకాలమును ఆడపిల్లకును ఇయ్యవలెను. గోడవార నిలుచు బాధ ఇరువురకును ఒక్కటే.

తమిళమును గూర్చియు కొంత చెప్పవలెను. తమిళనాడు ప్రభుత్వము 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి క్రమక్రమముగా నిర్బంధ పాఠ్యాంశమైనది. 2015–16లో అది పదవ తరగతికి చేరెను. ఇతర భాషల విద్యార్థుల పక్షమున పెద్దలు న్యాయస్థానములకు పోయిరి. కొన్ని సంవత్సరముల విద్యార్థులకు పరీక్షలో మినహాయింపులు లభించెను. ఆ వ్యవహారమును పెద్దలు చూచుకొనవలెను. బిడ్డకు మాత్రము పరీక్ష యున్నను లేకున్నను తమిళము కావలెను. బస్సులో, ఆసుపత్రిలో, పనిచేయుచోట అది లేక జరుగదు. భయముతో నేర్చిన భాష పరీక్షతో మరపునకు వచ్చును. స్నేహితునితో నేర్చినది నిలుచును. అట్టి స్నేహితుడు తరచుగా ఆటస్థలముననే దొరకును.

మన భాషకు చట్టములో ఆధారము లేకపోలేదు. రాజ్యాంగపు 29వ అధికరణము తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొను హక్కును ఇచ్చినది. 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలను స్థాపించి నడపుకొను హక్కును ఇచ్చినది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము, బిడ్డలకు మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకును స్థానిక సంస్థలకును చెప్పుచున్నది. కాని ఈ చివరి అధికరణము ప్రాథమిక దశను గూర్చినది. ఉన్నత పాఠశాలకు వచ్చుసరికి మన పిల్లలు తెలుగు తరగతిలో నిలుచుట మన శ్రద్ధమీద ఎక్కువగా ఆధారపడియున్నది. పిల్లలు లేని తరగతిని ఏ అధికరణమును నిలుపలేదు. మౌనముగా వెడలిపోవు ఒక్కొక్క బిడ్డతో తెలుగు తరగతి ఒక్కొక్కరిని కోల్పోవును. అందుచేత బిడ్డ బడిలో సంతోషముగా నున్నదా లేదా యను విషయము ఆ యింటికి మాత్రమే సంబంధించినది కాదు.

ఇప్పుడు మా సమితి గదిలో ఒక మద్దెల కలదు. దానిని కొనునాటికి, ఎవరికొరకు కొనవలసియుండెనో ఆ బాలుడు మా యొద్ద లేడు. కాని నాటినుండి క్రొత్తగా చేరిన ప్రతి విద్యార్థిచేతను ఒక కాగితముమీద ఒకే ప్రశ్నకు జవాబు వ్రాయించుచున్నాము: నీకు ఏమి వచ్చును? ఏ భాషలో వ్రాసినను సరియే. ఒకరు కోలాటము వచ్చునని వ్రాసిరి. ఒకరు చింతచెట్టు ఎక్కుట వచ్చునని వ్రాసిరి. ఒక బాలిక ఆవు పాలు పితుకుట వచ్చునని వ్రాసి, వెంటనే కొట్టివేసినది. కొట్టివేసిన మాటను మేము చదివితిమి. పాఠశాల తోటపనికి ఆమెనే నాయకురాలిగా నియమించితిమి. ఈ యేడు చేరినవారిలో ఇంకను ఆ కాగితము ఇయ్యనివారు కొందరు కలరు. ఈ పత్రిక చదివిన తరువాతనైనను తెచ్చి యిచ్చెదరని ఎదురుచూచుచున్నాము.